మాగిన పశువుల ఎరువుతో ఎత్తు మళ్లు: పెరట్లో కూరగాయలు పండించే విధానం

నల్లరేగడి పెరడు ఉన్నవారికి వానాకాలంలో బెండ మొక్క ఎలా చనిపోతుందో కొత్తగా చెప్పనక్కరలేదు. మూడు రోజులు ముసురు పడితే నీరు ఇంకదు, వేళ్లకు గాలి ఆడదు, వారం తిరిగేలోగా ఆకులు పసుపురంగుకు తిరిగి మొక్క నిలువునా వడలిపోతుంది. హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టుకున్నవారి కష్టం మరో రకం. గునపం జానెడు లోతు దిగేసరికి మొరం తగులుతుంది, లేదా ఇల్లు కట్టినప్పుడు పారబోసిన కంకర, సిమెంటు పెళ్లలు బయటపడతాయి. ఇటువంటి నేలను బాగుచేసి కూరగాయలు పండించడానికి ఏళ్లు పడుతుంది. దానికి బదులు నేలపైనే అడుగు ఎత్తున చట్రం కట్టి, అందులో బాగా మాగిన పశువుల ఎరువు నింపి సాగు చేస్తే మొదటి కారు నుంచే కూర తెంపుకోవచ్చు. అయితే ఈ పద్ధతిలో చట్రం, విత్తనం, మందుల కంటే ఎరువు వయసే ముఖ్యం. అది నిజంగా మాగిందైతే మిగతా పొరపాట్లు చాలావరకు సర్దుకుంటాయి. మాగనిదైతే మీరెంత శ్రద్ధ పెట్టినా ఫలితం ఉండదు. అందువల్ల ఈ వివరణలో ఎక్కువ భాగం ఎరువు గురించే ఉంటుంది.

మొదట, ఈ మళ్లు ఎక్కడ కట్టకూడదో చూసుకోండి. చలి దేశాల్లో వసంతకాలంలో మట్టి త్వరగా వేడెక్కాలని రెండడుగులు, మూడడుగుల ఎత్తున మళ్లు కడతారు. ఆ బొమ్మలు చూసి మనం కూడా అంత ఎత్తు కడితే మే నెల ఎండకు నాలుగు వైపుల నుంచీ తేమ ఆరిపోయి, పొద్దున పెట్టిన నీళ్లు సాయంత్రానికి ఉండవు. మనకు తొమ్మిది అంగుళాల నుంచి అడుగు ఎత్తు చాలు. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉండే అనంతపురం వంటి చోట, నీరు నిలవని ఎర్రనేలలో, అసలు ఎత్తు మడి అవసరమే లేదు. అక్కడ అదే ఎరువును నేలలో అడుగు లోతు తవ్వి నింపి, పడిన ప్రతి చినుకూ మడిలోకే వచ్చేలా పల్లంగా చేసుకోవడం మంచిది. ఇక డాబా సంగతి. తడిసిన ఎరువూ మట్టీ కలిసిన అడుగు మందం పొర చదరపు మీటరుకు మూడు వందల కిలోలకు పైగా బరువు తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కించే అదనపు భారం సుమారు 150 కిలోలు మాత్రమే. కనుక ఇంజనీరును అడగకుండా డాబా మీద ఇటువంటి మడి కట్టవద్దు. అక్కడ తేలికైన కొబ్బరిపొట్టు మిశ్రమంతో కుండీలు పెట్టుకోవడమే క్షేమం.

ఎరువు ఎంపిక

పల్లెల్లో దిబ్బ ఎరువు, పెంట ఎరువు అనీ, ఉత్తరాంధ్రలో గత్తం అనీ పిలిచేది ఒకటే: పేడ, మూత్రంతో తడిసిన కసువు, మేయగా మిగిలిన చొప్ప, ఎండుగడ్డి కలిసి నెలల తరబడి కుళ్లి తయారైన పదార్థం. బాగా మాగిన ఆవు, గేదె ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం ఉంటాయి. ఈ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ, మడి మొత్తం దీనితోనే నింపడానికి వీలవుతున్నది ఇవి చిన్నవి కావడం వల్లే. గొర్రె, మేక పెంటికల్లో నత్రజని 3 శాతం వరకు ఉంటుంది. పైగా పెంటికల పైపొర గట్టిగా ఉండి, ఏడాది నిలవ ఉన్నా కొన్ని గుండ్రంగా గింజల్లాగే మిగిలిపోతాయి. వాటిని పొడి చేసి మడిలో అయిదో వంతుకు మించకుండా కలుపుకోవచ్చు. కోళ్ల ఎరువులో నత్రజని, భాస్వరం రెండూ ఎక్కువ, వేడీ ఎక్కువ. దానితో మడి నింపడం అంటే ఉప్పు బస్తాలో నారు నాటడం వంటిదే. దొరికింది కదా అని తీసుకుంటే చివికిన తర్వాత పిడికెడు చొప్పున పైపాటుకు, అంటే ఎదుగుతున్న మొక్కల చుట్టూ పైపైన వేయడానికి, వాడుకోవాలి, అంతే.

పచ్చి పేడలో దాదాపు 80 శాతం నీరే. మిగిలినదానిలో నత్రజని అమ్మోనియా రూపంలో త్వరగా విడుదలై లేత వేళ్లను కాలుస్తుంది, పశువు మేసిన గడ్డి గింజలు చావకుండా మొలుస్తాయి, రోగకారక సూక్ష్మజీవులూ ఉంటాయి. ఈ చివరి విషయాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. అమెరికా సేంద్రియ సాగు నియమాల ప్రకారం పచ్చి ఎరువు వేసిన తర్వాత, తినే భాగం నేలను తాకే పంటకైతే 120 రోజులు, తాకని పంటకైతే 90 రోజులు గడిచేదాకా కోత కోయకూడదు. కొత్తిమీరను, ముల్లంగిని మనం పచ్చిగానే తింటాం కాబట్టి ఈ లెక్క మనకూ పనికివస్తుంది.

కుప్పను నెలకు రెండుసార్లు తిరగేస్తూ తేమ ఉంచితే నాలుగు నెలల్లో, కదపకుండా వదిలేస్తే ఎనిమిది నెలల నుంచి ఏడాదిలోగా ఎరువు మాగుతుంది. జూన్‌లో నాటాలంటే సంక్రాంతి వెళ్లగానే ఎరువు తోలించుకుని, చెట్టు నీడన నాలుగడుగుల ఎత్తు కుప్పగా పోసి, పైన తాటాకులో ఎండు కొబ్బరాకులో కప్పి, పదిహేను రోజులకొకసారి నీళ్లు చల్లి తిరగేయండి. ఎండకు వదిలేస్తే పైపొర ఇటుకలా ఎండిపోయి లోపల కుళ్లడం ఆగిపోతుంది, వానకు వదిలేస్తే సారం కారిపోతుంది. వేసవి చివరికి కుప్ప ఎత్తు సగానికి దిగిపోతే కంగారుపడకండి. పని సవ్యంగా జరుగుతున్నట్టు లెక్క.

కొని తెచ్చేవారికి మాత్రం ఒక హెచ్చరిక. మొదటిసారి మళ్లు కట్టినప్పుడు నేను ఒక ట్రాక్టరు ఎరువు కొన్నాను. మూడేళ్లనాటి దిబ్బ అని అమ్మినాయన చెప్పాడు. ఆ మాట అబద్ధమూ కాదు, నిజమూ కాదు. దిబ్బ మూడేళ్ల కిందట మొదలైనదే, కానీ దాని మీద నిన్నటి పేడ కూడా పడుతూనే ఉంది. యంత్రంతో ఒక పక్క నుంచి ఎత్తి పోయడంతో అడుగున ఉన్న నల్లటి పొడి, నడుమనున్న పచ్చి ముద్ద కలిసిపోయి వచ్చాయి. పైకి చూస్తే అంతా నల్లగానే ఉంది. అందులో ఇరవై రెండు టమాటా మొక్కలు నాటాను. అయిదో రోజు పొద్దున చూస్తే ఆకుల అంచులకు ఎవరో బీడీ నిప్పు అంటించినట్టు గోధుమరంగు చుక్కలు వరుసగా కనిపించాయి. పదో రోజుకు ఆరు మొక్కలు మిగిలాయి. పీకి చూస్తే వేళ్ల కొనలు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడిపోయేలా ఉన్నాయి. ఆ తర్వాత ఎవరి దగ్గర కొన్నా, ఎన్నేళ్లదని చెప్పినా, కింది పరీక్షలు చేయకుండా మడిలో వేయలేదు.

మొదటిది వేడి పరీక్ష. ఇనప గడ్డపారను కుప్ప నడిమధ్యకు మూడడుగుల లోతు దింపి, పావుగంట ఆగి బయటికి లాగి, కొనను చేత్తో పట్టుకోండి. వెచ్చగా తగిలితే లోపల ఇంకా కుళ్లుతున్నట్టే. ఉదయం పూట చేస్తే ఎండ వేడి కలవదు, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రెండోది వాసన పరీక్ష. కుప్ప లోపలి నుంచి రెండు గుప్పిళ్ల ఎరువు తీసి, పిండితే నీరు కారనంత తేమగా తడిపి, పాలిథీన్ సంచిలో మూతి గట్టిగా కట్టి మూడు రోజులు గదిలో ఉంచండి. విప్పగానే తొలకరి జల్లుకు నేల నుంచి వచ్చే వాసన రావాలి. ముక్కు పుటాలను పొడిచే ఘాటు వస్తే అమ్మోనియా ఇంకా ఉంది. మురుగుకంపు వస్తే కుప్పకు గాలి అందలేదు, తిరగేయాలి. చేతి పరీక్ష కూడా ఇందులోనే అయిపోతుంది: గుప్పెట్లో నొక్కి వదిలితే ముద్ద అయి, బొటనవేలితో తడితే పొడిగా రాలిపోవాలి, అందులో గడ్డిపోచ ఏదో, పేడకడి ఏదో గుర్తుపట్టే వీలు ఉండకూడదు.

మూడోదానికి కాస్త ఓపిక కావాలి, కానీ అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. రెండు చిన్న కుండీలు తీసుకుని ఒకదానిలో సగం ఎరువు, సగం మట్టి కలిపి, రెండోదానిలో ఒట్టి మట్టి నింపి, రెండింటిలోనూ ఆరు చొప్పున అలసంద గింజలు పెట్టండి. మూడు వారాలు పక్కపక్కనే పెంచండి. ఎరువు కుండీలో మొలకలు తక్కువగా వచ్చినా, ఆకుల అంచులు మాడినా ఆ ఎరువును మరో రెండు నెలలు మాగనివ్వాలి. అంచులు బాగానే ఉండి కొత్త చిగుళ్లు మాత్రం గిన్నెలా ముడుచుకుని, కాడలు మెలి తిరిగితే అది వేరే జబ్బు: పశువులు మేసిన గడ్డి మీద కొట్టిన కలుపుమందు ఎరువులోకి వచ్చిందన్నమాట. 2008లో బ్రిటన్‌లో అమినోపైరాలిడ్ అనే మందు ఇలాగే పశువుల ఎరువు ద్వారా ఇంటి తోటల్లోకి చేరి టమాటా, చిక్కుడు, బంగాళాదుంప మొక్కలను పాడుచేసింది. ఆ వేసవిలో దాని అమ్మకాలను అక్కడ నిలిపివేయాల్సి వచ్చింది. అలసంద, చిక్కుడు జాతి మొక్కలు ఇటువంటి మందులకు ముందుగా లొంగుతాయి కాబట్టే పరీక్షకు వాటిని వాడమనడం. పన్నెండు గింజల ఖర్చుతో ట్రాక్టరు లోడు సంగతి తెలిసిపోతుంది.

మడి కట్టడం

రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు ఎంచుకోండి. వెడల్పు నాలుగడుగులు మించకూడదు. రెండు పక్కల నుంచీ చేయి చాపితే నడిమధ్య అందాలి, ఎందుకంటే ఒకసారి నింపిన తర్వాత మడిలో కాలు పెట్టకూడదు. గోడ పక్కన కడితే రెండడుగుల వెడల్పే ఉంచండి. పొడవు మీ ఇష్టం, కానీ పది అడుగులు దాటితే చుట్టూ తిరిగి రావడానికి బద్ధకించి మడిని దాటడం అలవాటవుతుంది. దాటేటప్పుడు ఏదో ఒక రోజు కాలు లోపల పడుతుంది. రెండు మళ్ల మధ్య రెండడుగుల దారి వదలండి. అడుగున్నర చాలనిపిస్తుంది గానీ, ఎరువు తట్ట నెత్తిన పెట్టుకుని వంకాయ కొమ్మల మధ్య నడిచినప్పుడు ఆ ఆరంగుళాల విలువ తెలుస్తుంది. బీర, కాకర వంటి తీగలకు పందిరి ఉత్తరపు కొసన వేస్తే, చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలినప్పుడు దాని నీడ మిగతా మొక్కల మీద పడదు.

చట్రానికి తాండూరు బండలో కడప బండలో నిలువుగా పాతడం నా దృష్టిలో అన్నిటికంటే మేలు. అడుగున్నర ఎత్తు ముక్కలు కోయించి ఆరంగుళాలు నేలలోకి పాతితే సిమెంటు అక్కరలేకుండా ఏళ్ల తరబడి నిలుస్తాయి, చెదలు పట్టవు. ఇటుకలు పేర్చినా సరిపోతుంది. తాటి మొద్దులు ఊళ్లో ఊరికే దొరుకుతాయి కానీ, తడి ఎరువుకు ఆనుకుని ఉంటాయి కనుక చెదలకు విందు. రంగులు, మందులు పూసిన పాత చెక్కలు, పాత రైలు స్లీపర్లు మాత్రం కూరగాయల మడికి వాడవద్దు.

చట్రం పెట్టే ముందు నేలను గునపంతో ఆరంగుళాలు పొడిచి వదులు చేయండి. తిరగవేయనక్కరలేదు, నీరు దిగడానికి దారి ఏర్పడితే చాలు. మామూలు గడ్డి మీద అట్టపెట్టెలను విప్పి, టేపు, పిన్నులు తీసేసి, రెండు వరసలుగా పరిచి తడిపితే అడుగునున్న గడ్డి వెలుతురు లేక చచ్చిపోతుంది, అట్ట కొన్ని నెలల్లో చివికి మట్టిలో కలిసిపోతుంది. తుంగ, గరిక ఉంటే మాత్రం అట్టలను నమ్ముకోకండి. తుంగ గడ్డలు అట్టను చీల్చుకుని, అడుగు మందం ఎరువును దాటుకుని పైకి వస్తాయి, ఆ ఎరువు బలంతో మరింత ఏపుగా వస్తాయి. ఎండాకాలంలోనే రెండుసార్లు తవ్వి గడ్డలు ఏరి పారేసిన తర్వాతే మడి కట్టండి.

నింపడం

పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడికి నలభై ఘనపుటడుగుల సరుకు కావాలి. ఒక ఖాళీ సిమెంటు సంచిలో ఇంచుమించు ఒకటింబావు ఘనపుటడుగు పడుతుంది కాబట్టి ముప్పై రెండు సంచులు అనుకోండి. కుదింపుకు మరో నాలుగు సంచులు పక్కన ఉంచుకోవాలి.

అంతా ఎరువే నింపాలా, మట్టి కలపాలా అన్న చోట అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. పూర్తిగా మాగి, మట్టిలా మారిన ఎరువైతే ఒట్టి ఎరువులోనూ సొర, గుమ్మడి, వంగ, ఆకుకూరలు అద్భుతంగా వస్తాయి. అయినా మొదటి ఏడాది రెండు పాళ్లు ఎరువుకు ఒక పాలు మట్టి కలపమనే నేను చెబుతాను. ఒట్టి ఎరువు ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీటిని తిరిగి పీల్చుకోదు, పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. గాలివానకు కాపుతో ఉన్న వంగ మొక్క వేళ్లతో సహా పక్కకు ఒరిగిపోతుంది. మట్టిలో ఉండే బంక ఈ రెండింటినీ ఆపుతుంది. చెరువు పూడిక మట్టి దొరికితే అంతకంటే మంచిది లేదు. ఎర్రమట్టి కూడా పనికివస్తుంది. నల్లరేగడి అయితే పాలు తగ్గించి, ఎండిన గడ్డలను నలగ్గొట్టి కలపండి.

నాలుగేసి అంగుళాల పొరలుగా పోస్తూ, పోసిన ప్రతి పొరనూ బాగా తడపండి. అంతా పొడిగా నింపి చివర్లో పైన నీళ్లు పోస్తే పైన బురద, లోపల దుమ్ము ఉంటుంది. ఇది చాలామంది చేసే తప్పు, పదిహేను రోజుల తర్వాత వేలు లోపలికి పెట్టి చూస్తే గానీ బయటపడదు. ఎరువులో లవణాలు ఎక్కువగా ఉంటాయి కనుక నింపిన తర్వాత రెండుసార్లు, మూడు రోజుల తేడాతో, అడుగు నుంచి నీరు కారేదాకా పారించండి. బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్లలో ఈ పని వాననీటికే వదిలేయడం మేలు. తొలకరికి ముందే నింపి పెట్టుకుంటే రెండు మంచి వానలు ఆ పని చేసిపెడతాయి. ఆ తర్వాత రెండు వారాలు మడిని అలాగే వదిలేస్తే రెండు మూడు అంగుళాలు కుంగుతుంది. పక్కన పెట్టుకున్న సంచులు అప్పుడు వాడుకోవాలి.

నారుకుళ్లు, వేరుకుళ్లు తెగుళ్లు ఇటువంటి తేమగల మళ్లలో త్వరగా వస్తాయి. వ్యవసాయ శాఖవారు చెప్పే ట్రైకోడెర్మా (తెగుళ్లను అణచే మేలుచేసే శిలీంధ్రం) పద్ధతి ఇంటి తోటకూ సరిపోతుంది: 90 కిలోల పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడె పొడి కలిపి, తడిపి, గోనెపట్టా కప్పి నీడలో ఉంచాలి. మన మడికి ఇందులో పదో వంతు చాలు. పది పన్నెండు రోజుల్లో పైన తెల్లటి, లేత ఆకుపచ్చటి బూజు పరుచుకుంటుంది. దాన్ని మడి పై రెండంగుళాలలో కలిపేయండి.

విత్తడం, నాటడం

కొత్త మడిలో నత్రజని ఎక్కువగా అందుతుంది, కనుక మొదటి కారులో దాన్ని ఆబగా తినే పంటలే వేయండి. జూన్, జూలై నెలల్లో నాటేవారికి వంగ, సొర, బీర, బెండ, తోటకూర, బచ్చలి మొదటి వరసలో ఉండాలి. గోంగూర ఎక్కడైనా వస్తుంది, దానికి ఇంత ఖరీదైన చోటు ఇవ్వనక్కరలేదు, గట్టు మీద చల్లండి. క్యారెట్, ముల్లంగి మొదటి ఏడాది వద్దు. కొత్త ఎరువులో క్యారెట్ గడ్డ రెండు మూడు కాళ్లుగా చీలిపోతుంది, ముల్లంగి ఆకు మోకాలెత్తు పెరిగి గడ్డ చిటికెన వేలంత ఉంటుంది. చిక్కుడు, గోరుచిక్కుడు గాలి నుంచి నత్రజనిని తామే తెచ్చుకుంటాయి, వాటికి ఈ మడిలో చోటిస్తే ఆకు మీద ఆకు వేసి పూతను మరచిపోతాయి. వాటిని రెండో ఏడాదికి ఉంచుకోండి.

వంగ, టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, మిరప నారు 35 నుంచి 40 రోజులకు నాటడానికి వస్తుంది. నారును ఈ మడిలో కాకుండా, సగానికి సగం మట్టి, కొబ్బరిపొట్టు కలిపిన ట్రేలో పోసుకుంటే మొక్కలు పీలగా సాగకుండా ఉంటాయి. సాయంత్రం పూట నాటండి. వంగకు మొక్క మొక్కకూ రెండడుగులు, టమాటా, మిరపకు అడుగున్నర, బెండకు అడుగు దూరం ఉంచాలి. సారవంతమైన మడి కదా అని దగ్గరగా నాటాలనిపిస్తుంది, కానీ ఇదే మట్టిలో మొక్క మామూలు కంటే పెద్దదవుతుందని గుర్తుపెట్టుకోండి. బెండలో పల్లాకు తెగులు, అంటే ఈనెలు పసుపుపచ్చగా మారే వైరస్, నత్రజని ఎక్కువై ఆకు మెత్తబడిన మొక్కల మీదికి తెల్లదోమ చేరినప్పుడు వేగంగా పాకుతుంది. తట్టుకునే అర్క అనామిక వంటి రకాలు ఎంచుకుంటే కొంత నిశ్చింత. టమాటాకు నాటిన రోజే ఊతకర్ర పాతాలి, తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి.

అక్టోబరు, నవంబరులో అదే మడిలో క్యాబేజీ, కాలీఫ్లవర్, పాలకూర, మెంతి, కొత్తిమీర వేసుకోవచ్చు. వేసవికి తోటకూర, దోస. వంగ, టమాటా, మిరప మూడూ ఒకే కుటుంబం కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి ఒకే మడిలో వేయవద్దు. అలా వేస్తే వేళ్లపై బుడిపెలు కట్టించే నులిపురుగులు పెరుగుతాయి. మడి మూలల్లో నాలుగు బంతి మొక్కలు పెడితే వాటి ఉధృతి తగ్గుతుంది, దసరాకు పూలూ వస్తాయి.

నీళ్లు, కప్పు

ఎరువు మడి పైన ఎండినట్టు కనిపిస్తూనే లోపల తడిగా ఉంటుంది. నల్లగా ఉండటం వల్ల ఎండకు పైపొర త్వరగా పొడిబారుతుంది, అది చూసి రోజూ నీళ్లు పెట్టేవారే ఎక్కువ. చూపుడు వేలిని రెండో కణుపు దాకా లోపలికి గుచ్చి చూడండి. కొనకు చల్లగా తగిలి, ఎరువు రేణువులు అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. చలికాలంలో మూడు రోజులకొకసారి, ఏప్రిల్, మే నెలల్లో రోజూ పొద్దున్నే అన్నది ఉజ్జాయింపు మాత్రమే. ఒక రోజు వరదలా, నాలుగు రోజులు చుక్క లేకుండా పెడితే టమాటా కాయల అడుగుభాగం నల్లగా కుంగిపోతుంది. దాన్ని తెగులనుకుని మందులు కొట్టకండి, నీటి వరస సరిచేస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

మొక్కలు జానెడు ఎత్తు రాగానే వాటి మధ్య రెండు అంగుళాల మందాన వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఎండిన చెరకు ఆకు, ఏది దొరికితే అది పరవండి. మొదలుకు ఆనకుండా రెండు వేళ్ల ఖాళీ వదలండి. వేసవిలో సగం ఎండను ఆపే ఆకుపచ్చ నీడవల ఒకటి పడమటి వైపు కట్టినా చాలు, ఆకుకూరలు మే నెలలోనూ దక్కుతాయి.

ఎరువుతో వచ్చే పురుగులు

ఎరువు తిరగేస్తున్నప్పుడు తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి పడుకున్న పురుగులు కనిపిస్తాయి. అన్నీ ఒకటి కావు. బొటనవేలంత లావుగా, కదిలించినా మత్తుగా ఉండేది కొబ్బరి చెట్టును తొలిచే కొమ్ము పురుగు పిల్ల. అది కుళ్లిన ఎరువునే తింటుంది, మీ వంగ వేళ్ల జోలికి సాధారణంగా రాదు. కానీ పెద్దదై రెక్కలు వచ్చాక పక్కింటి కొబ్బరి మొవ్వులోకి దూరుతుంది, కనుక వదలకూడదు. చిటికెన వేలంత ఉండి, ఎక్కువగా మడి అడుగుభాగంలో, వేళ్ల దగ్గరే చేరేది వేరు పురుగు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి వాలిపోయి, పట్టి లాగితే వేళ్లు లేకుండా చేతికి వచ్చిందంటే దాని పనే.

మడి నింపే ముందు ఎరువును ఎండలో పలచగా ఒక పూట పరిచి, కర్రతో కదిలిస్తూ ఉంటే సగం పని గోరింకలూ కాకులూ చేసేస్తాయి. మా పెరట్లో నేను పార పట్టుకుంటే చాలు, పొరుగింటి కోళ్లు గోడ మీదికి వచ్చి కూర్చుంటాయి. మిగిలినవాటికి మెటారైజియం అనే శిలీంధ్రపు పొడిని కొద్ది ఎరువులో కలిపి, వారం రోజులు తడిగా నీడలో ఉంచి మడిలో కలపండి. కొమ్ము పురుగుకూ వేరు పురుగుకూ ఇదే మందు. వానపాములు కనిపిస్తే మాత్రం ఏమీ చేయకండి, ఎరువు మాగిందని అవే చెబుతున్నాయి.

రెండో ఏడాది నుంచి

ఏడాది తిరిగేసరికి మడి మూడు నుంచి నాలుగు అంగుళాలు కుంగుతుంది. దాన్ని తవ్వవద్దు. పాత మొక్కలను లాగకుండా మొదలుకు కోసి, వేళ్లను లోపలే చివకనిచ్చి, పైన రెండు అంగుళాల కొత్త మాగిన ఎరువు పరిస్తే సరిపోతుంది. నులిపురుగు బుడిపెలున్న వేళ్లను మాత్రం పీకి కాల్చేయాలి. పది అడుగుల మడికి రెండు అంగుళాలంటే అయిదారు సిమెంటు సంచులు. ప్రతి కారుకూ నాలుగైదు అంగుళాలు వేస్తూ పోతే భాస్వరం పేరుకుపోయి, ఇనుము, జింకు అందక లేత ఆకులు ఈనెల మధ్య పచ్చదనం కోల్పోతాయి. అప్పుడు ఇంకా ఎరువు వేయాలనిపిస్తుంది, వేయకూడదు. ఒక కారు ఏమీ వేయకుండా తోటకూర, మొక్కజొన్న వంటివి పెంచి ఆకుతో సహా కోసి తీసేయండి.

క్యారెట్, ముల్లంగి, చిక్కుడు ఈ ఏడాది నుంచి వేసుకోవచ్చు. క్యారెట్ విత్తే చోట మాత్రం కొత్త ఎరువు పరవకుండా, పై ఆరంగుళాలను వేళ్లతో వదులు చేసి, విత్తనాన్ని ఇసుకలో కలిపి గీతలుగా చల్లి, మొలిచాక మూడంగుళాలకొకటి ఉంచి మిగతావి తీసేయాలి. వచ్చే ఏడాది పైపాటుకు కావలసిన ఎరువును ఇప్పుడే తెచ్చి, మడి పక్కన నీడలో కుప్ప పోసి, తాటాకు కప్పి, తెచ్చిన తేదీని ఒక రేకు ముక్క మీద రాసి దానికి గుచ్చండి.